నాచారమునకు ఆవల ఒక కుమ్మరి ఆవము

ఉప్పల్ నుండి నాచారము మీదుగా మల్లాపురమునకు పోవు త్రోవలో మందుల కర్మాగారములును, అచ్చుయంత్రశాలలును, ప్లాస్టిక్ సామానుల షెడ్లును, ఇనుపపని దుకాణములును ఒకదాని నానుకొని యొకటి బారులు తీరియుండును. ఆ బారులు ముగిసిన పిమ్మట, మౌలాలి గుట్టకు చేరువగా, ఎత్తయిన ప్రహరీగోడలును, ద్వారముకడ సాయుధులైన కావలివారును గల యొక సువిశాలప్రాంగణము కానవచ్చును. అణుశక్తిశాఖకు చెందిన ఈ అణు ఇంధన సముదాయము 1971లో ఏర్పడినది. నగరవాసులు మాత్రము దానిని ఎన్.ఎఫ్.సి. యని పొడి అక్షరములతోనే వ్యవహరింతురు. అణువను మాట చెవిని బడినంతనే సామాన్యపాఠకుని మనస్సున విస్ఫోటములును, రహస్యములును మెదలుట సహజమే కాని, ఆ గోడల లోపల ముఖ్యముగా జరుగుచున్న పని కుమ్మరిపనికి దగ్గరి చుట్టము: పొడిని సిద్ధపరచుట, రూపమున కొత్తుట, కాల్చుట, కాలినదానిని నునుపు చేయుట. ఈ అధ్యాయమున నేను చూపదలచినది ఆ చుట్టరికమునే.

మొదట కాలి క్రింది నేలను చూతము. హబ్సిగూడకును ఉప్పలుకును నడుమ, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కలదు. అచ్చటి పండితులకు చదువదగిన గ్రంథము వారి వాకిటనే పరచియున్నది. హైదరాబాదు చుట్టునుగల గుట్టలు సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాయముగల గ్రానైటు. అందలి ఫెల్‌స్పారను ఖనిజమును వాననీరు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొని మిక్కిలి బలహీనమైన ఆమ్లమై, యుగములకొలది నానబెట్టి, పొటాషియమును కొంత సిలికాను కడిగి తీసికొనిపోగా, మిగిలిన అల్యూమినియము, సిలికాను, ఆక్సిజను పరమాణువులు నీటితో కూడి కంటికి కానరాని పలుచని రేకులై పేరుకొనును. బంకమన్నన్నది ఆ రేకుల రాశియే. రేకులనడుమ నీటిపొర యున్నంతకాలము అవి యొకదానిపై నొకటి జారుచుండును గావున మన్ను చేతికి లొంగును, నీరింకినచో బిగిసికొనును. ఉప్పల్ నల్లచెరువు అడుగునను, రామంతపురము పెద్దచెరువు అడుగునను పేరుకొన్న ఒండ్రు ఈ గుట్టల శిథిలమే. మన కుమ్మరులు శతాబ్దములుగా చెరువుమన్ను త్రవ్వి, నానవేసి, త్రొక్కి, సారెపై కెక్కించి, కుండ చేసి, ఆవమున కాల్చిరి. ఆవములో వేడి 500 డిగ్రీలు దాటినపుడు రేకుల నిర్మాణములోనే బంధింపబడిన నీరు వెడలిపోవును. అటుపిమ్మట ఆ కుండను ఎంత నానబెట్టినను తిరిగి మన్ను కానేరదు. మానవుడు బుద్ధిపూర్వకముగా నేర్చిన రసాయనపరివర్తనములలో ఇది మిక్కిలి ప్రాచీనమైనదని నా యభిప్రాయము.

మౌలాలి ప్రాంతమున బృహచ్ఛిలాయుగపు సమాధులు బయల్పడినవి. దక్కను అంతటను ఆ యుగపు సమాధులలో కనబడు మృణ్మయపాత్రలలో లోపలి భాగమును అంచును నల్లగను, వెలుపలి భాగము ఎఱ్ఱగను ఉండునవి ప్రసిద్ధములు. ఒకే మన్ను, ఒకే మంట, రెండు రంగులు! మంటిలోని యినుము గాలి చక్కగా తగిలిన చోట పూర్తిగా ఆక్సీకరణము చెంది ఎఱుపెక్కును. గాలి తగులని చోట, పొగయు మసియు క్రమ్మినచోట, నలుపుదేరును. కుండలను బోరగిలవేసి, మూతులను బూడిదలో పూడ్చి, వెలుపలికి మాత్రము గాలి నాడనిచ్చినచో ఈ రెండు రంగులును ఒకేసారి రాగలవని తరువాతివారు ప్రయోగముచే చూపిరి. ఆ కుమ్మరికి ఆక్సిజను పేరు తెలియదు; దాని శాసనము మాత్రము క్షుణ్ణముగా తెలియును. ఆవములోని వేడి యెంత ముఖ్యమో, ఆవములోని గాలి స్వభావము నంత ముఖ్యమన్న ఈ పాఠము, రెండువేల యేండ్లకు పైబడిన పిమ్మట, అదే మౌలాలి ఛాయలలో, హైడ్రోజను నింపిన కొలుములయందు మరల అవసరమైనది. ఆ కథకు రాకముందు కుమ్మరిపనిలోని రెండవ శాసనమును గూర్చి కొంత చెప్పవలసియున్నది.

కాల్చిన వస్తువు కుదించుకొనును. కుదింపు అన్నిదిక్కుల సమముగా నున్నచో ఇబ్బంది లేదు. హెచ్చుతగ్గులు కలిగెనా పాత్ర వంకరపోవును, బీటలువారును, కూలిపోవును. ఇందునుగూర్చి వేల్సు దేశమున జరిగిన యొక విషాదకథ మృత్తికాశాస్త్రము చదువువారెల్లరు తెలిసికొనదగినది. విలియమ్ బిలింగ్స్‌లీ యను గొప్ప పింగాణీ చిత్రకారుడు, తన యల్లుడు శామ్యూల్ వాకరుతో కలిసి, 1813లో టాఫ్ లోయయందలి నాంట్‌గారూ గ్రామమున, బొగ్గును తెచ్చు కాలువ యొడ్డున, చిన్న పింగాణీశాలను నెలకొల్పెను. ఫ్రాన్సుదేశపు సేవ్ర్ పింగాణీని మించిన తెలుపును, దీపమునకు అడ్డముగా పట్టినచో వెలుగు దూసికొనివచ్చు పారభాసకతను సాధింపవలెనని అతని పట్టుదల. ఎముకల బూడిద పాలు హెచ్చుగాగల అతని మిశ్రమమునుండి అట్టి పింగాణీయే వచ్చినది. కాని అది గాజువలె బిగియు వేడికిని, మెత్తబడి వ్రాలిపోవు వేడికిని నడుమ నున్న యంతరము మిక్కిలి స్వల్పము. ఆనాటి ఆవములలో వేడిని అంత సూక్ష్మముగా నిలుపు సాధనము లేదు. ఫలితముగా ఆవమునందు పెట్టిన ప్రతి పది పాత్రలలో తొమ్మిది వంకరపోయియో పగిలియో పెంకులగుట్టపాలయ్యెను. సొమ్ము నెలలలో హరించిపోయెను. సర్కారును సాయమడుగగా, ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడగు సర్ జోసఫ్ బ్యాంక్సు ప్రేరణమున, స్వాన్సీలోని కేంబ్రియన్ కుమ్మరిశాల యజమానియు వృక్షశాస్త్రజ్ఞుడునగు లూయిస్ వెస్టన్ డిల్విన్ వచ్చి చూచి, ఆ పాత్రల సౌందర్యమునకు ముగ్ధుడై, 1814లో వారిని స్వాన్సీకి కొనిపోయి మిశ్రమమును దృఢపరుప యత్నించెను. దృఢత్వము వచ్చినకొలది తెలుపు తగ్గెను. తెలుపు తగ్గుటకు బిలింగ్స్‌లీ మనసొప్పదు. 1817లో అతడు మరల నాంట్‌గారూకే చేరి, 1820లో అంతయు పోగొట్టుకొని కోల్‌పోర్టు శాలలో కొలువు కుదిరెను. మిగిలిపోయిన తెల్లపాత్రలపై థామస్ పార్డో యను చిత్రకారుడు పూవులు వ్రాసి అమ్మించెను. 1833 నుండి అతని కుమారుడు అచ్చటనే మోటు మట్టిసామానును, పొగాకు త్రాగు గొట్టములను చేసి సుఖముగా జీవించెను. బిలింగ్స్‌లీ పాత్రలు నేడు ప్రదర్శనశాలల అలంకారములు. పార్డోల గొట్టములను తలచువారు లేరు. కాని జీతములు చెల్లించినది ఆ గొట్టములే యన్న మాట మరువరాదు.

యురేనియమునకు తొలి గిరాకీ కుమ్మరుల నుండియే వచ్చినదని చెప్పినచో కొందరికి వింతగా తోచవచ్చును. 1789లో క్లాప్రోత్ అను జర్మను రసాయనజ్ఞుడు దీనిని కనుగొన్న తరువాత నూరేండ్లకు పైగా దానికి దొరికిన ముఖ్యోపయోగము రంగు. పింగాణీపై పూతలోను గాజులోను కలిపినచో పసుపు, నారింజ, ఎఱుపు ఛాయలనిచ్చును. బొహీమియాలోని యోఆఖిమ్‌స్టాల్ గనులనుండి యురేనియమును రంగులకొరకు తీసికొని పారవేసిన ఖనిజశేషమునుండియే మేరీ క్యూరీ దంపతులు రేడియమును వెలికితీసిరి. అమెరికాలో 1936 మొదలు ఫియెస్టా యను పేర అమ్ముడుపోయిన ఎఱ్ఱని భోజనపళ్ళెముల మెఱుగు యురేనియము వలన వచ్చినదే. యుద్ధకాలమున, 1943లో, ప్రభుత్వము యురేనియమునంతయు తనపరము చేసికొనుటచే ఆ ఎఱుపు నిలిచిపోయినది. పళ్ళెమునకు పూతగానున్నది, కాలక్రమమున, తానే కాల్చవలసిన వస్తువైనది.

ఎందులకు కాల్చవలెను? రియాక్టరునకు ఇంధనముగా దానిని లోహరూపముననే వాడరాదా? మొదట వాడిరి. ట్రాంబేలోని సైరస్ రియాక్టరునకు 1959లో మనవారు స్వయముగా చేసిన ఇంధనము యురేనియపు లోహమే. కాని లోహయురేనియమునకు రెండు దుర్గుణములు కలవు: వేడినీరు తగిలినచో త్వరితముగా క్షయించును, న్యూట్రాన్ల తాకిడికి ఒకదిక్కున సాగుచు, మఱియొకదిక్కున కుంచించుకొనుచు, లోలోన వాయువులు చేరి ఉబ్బిపోవును. విద్యుత్తును చేయు రియాక్టరులో ఇంధనము నెలలకొలది, అత్యుష్ణజలమధ్యమున, ఆకారము చెడక నిలువవలెను. ఆ సహనము డయాక్సైడు రూపమునకు కలదు. అది 2800 డిగ్రీలు దాటినగాని కరగదు, నీటిని లెక్కచేయదు, దాని స్ఫటికనిర్మాణములో నడుమనడుమ ఖాళీలుండుటచే యురేనియము చీలగా పుట్టిన క్రొత్త పరమాణువులలో పెక్కింటిని తనలోనే అణచుకొనును. 1957లో పనిచేయ నారంభించిన అమెరికాలోని షిప్పింగ్‌పోర్టు కేంద్రమున దీనిని విరివిగా వాడినపిమ్మట ప్రపంచమంతయు దాదాపు ఈ దారినే త్రొక్కినది. లోటు లేకపోలేదు: వేడిని సరిగా ప్రసరింపనీయదు. ఈ పొడిని ఒత్తి కాల్చి చేసిన బిళ్ళ రియాక్టరులో పనిచేయుచున్నపుడు దాని నడిబొడ్డునకును దాని యంచునకును దూరము ఏడు మిల్లీమీటర్లే యయినను ఉష్ణోగ్రతలో భేదము వెయ్యి డిగ్రీల మేర నుండును. అందుచే రియాక్టరులో బిళ్ళ బీటలువారక మానదు. శాస్త్రజ్ఞులు ఆ బీటలను సహించి, వాటికి అనుగుణముగనే కొలతలను నిర్ణయించిరి.

భారతదేశమున ఈ విద్యకు పుట్టినిల్లు ట్రాంబే. ధాతుశాస్త్రజ్ఞుడైన బ్రహ్మ ప్రకాశ్ మొదలగువారు అచ్చట సాధించిన దానిని పెద్దయెత్తున జరిపించుటకు హైదరాబాదు సంస్థ అవతరించినది. ఆరంభకాలపు నిర్వాహకులలో ఎన్. కొండలరావు ముఖ్యుడు. రాజస్థానులోని తొలి భారజల రియాక్టరునకు మొదటి ఇంధనములో సగము కెనడానుండి వచ్చినది, సగము ట్రాంబేలో తయారైనది. 1974లో పోఖ్రాన్ ప్రయోగము జరిగిన పిమ్మట కెనడా చేయి విడువగా, కల్పాక్కము, నరోరా, కాక్రపార్, కైగా కేంద్రముల భారజల రియాక్టరులన్నిటికి అన్నము వండి పెట్టవలసిన భారము ఈ మౌలాలి వంటయింటిపైననే పడినది. ఆ నిర్బంధము లేకున్నచో మనవారు ఇంత శ్రద్ధగా నేర్చియుండెడివారా యన్నది చర్చింపదగిన విషయమే, నేర్చియుండరని నేననుకొందును.

ఇక పనితీరు. జార్ఖండములోని జాదుగూడ నుండి పచ్చని ముద్దగా యురేనియపు లవణము వచ్చును. 2012 నుండి మన కడప జిల్లాలోని తుమ్మలపల్లె గనియు దీనికి తోడైనది. ఆ ముద్దను నత్రికామ్లమున కరగించి, కిరసనాయిలు వంటి తైలమున కలిపిన ట్రైబ్యూటైల్ ఫాస్ఫేటుతో చిలికినచో యురేనియము మాత్రము తైలములోనికి చేరి, మలినములు నీటిలోనే నిలిచిపోవును. మరల దానిని నీటిలోనికి దించి, అమోనియా కలుపగా పసుపుపచ్చని మడ్డి అడుగున దిగును. ఆ మడ్డిని వడగట్టి, ఆరబెట్టి, కాల్చి, హైడ్రోజనులో క్షయకరణము చేసినపుడు మిగులునదే డయాక్సైడు పొడి. ఇంత శ్రమ ఎందులకనగా, బోరాన్ వంటి మూలకము పదిలక్షల పాళ్ళలో ఒక్కపాలున్నను న్యూట్రాన్లను మ్రింగివేయును. పింగాణీ మెఱుగులో కుమ్మరి ప్రీతితో కలుపు వెలిగారము బోరాన్ లవణమే. ఈ ఆవమునకు అది విషము.

ఇచ్చట పోలికకొక హద్దు కలదని ఒప్పుకొనవలెను. బంకమన్నునకు గల సాగుడుగుణము ఈ పొడికి లేదు, సారెపై నిలువదు, అచ్చులో పోసి పైనుండియు క్రిందినుండియు బలముగా నొత్తవలసినదే. బంకమన్ను కాలునపుడు అందులో కొంతభాగము కరగి గాజై రేణువులను అతికించును. ఈ పొడిలో కరగునది లేదు. 1700 డిగ్రీల వేడిలో, ద్రవమన్నది ఎరుగక, రేణువులు తాకుచున్న చోటులయందు పరమాణువులే మెల్లగా వలసపోయి సందులను పూడ్చును. మన కుండకు 800 డిగ్రీలు చాలును, పింగాణీకి 1400 డిగ్రీలు చాలును. ఆపై మరి మూడువందలు ఈ పనికి కావలెను. ఒత్తినపుడు ఘనసెంటీమీటరునకు అయిదున్నర గ్రాములున్న బిళ్ళ కాలి బయటకు వచ్చునప్పటికి పదిన్నర గ్రాములు దాటును. అనగా ఘనపరిమాణము సగమగును, ప్రతి కొలతయు అయిదవవంతు తగ్గును. బిలింగ్స్‌లీకి ఈ లెక్క చూపినచో గుండె ఆగియుండును.

అచ్చుగోడల రాపిడివలన ఒత్తిడి బిళ్ళ కొనలయందు హెచ్చుగను నడుమ తక్కువగను చేరును. తక్కువ ఒత్తిడి తగిలిన నడుము హెచ్చుగా కుదించుకొని బిళ్ళ ఢమరుకమువలె తయారగును. అందుచే కాల్చిన పిమ్మట సానపెట్టి, సుమారు 14 మిల్లీమీటర్ల వ్యాసమునకు, వెండ్రుకవాసి తేడా రాకుండ తీర్తురు. రెండు కొనలయందును చిన్న గుంట యుంచుదురు. వేడికి నడిభాగము పొంగినపుడు ప్రక్క బిళ్ళను నెట్టకుండుటకే ఆ గుంట. పిమ్మట కడిగి ఆరబెట్టుట. పచ్చికుండను ఆవమున పెట్టినచో నీరు ఆవిరియై కుండను ప్రేల్చును. ఇచ్చట తడి నిలిచినచో దానిలోని హైడ్రోజను బిళ్ళలను నింపు లోహపుగొట్టములోనికి చొచ్చి పెళుసుబారజేయును. తడి విషయమున కుమ్మరికి గల భయము ఇంజనీరునకును కలదు.

గాలి విషయమునను అంతే. ఈ కొలుములలో హైడ్రోజను నింపనిచో డయాక్సైడు మరికొంత ఆక్సిజనును పీల్చుకొని వేరొక ఆక్సైడుగా మారును. ఆ మార్పులో ఘనపరిమాణము మూడవవంతునకు పైగా పెరుగుటచే రాతివంటి బిళ్ళ పిండియై రాలిపోవును. ఇది కాల్చునపుడు శత్రువు, కాల్చిన పిమ్మట మిత్రము: కొలత తప్పిన బిళ్ళలను గాలిలో వేడిచేసినచో వాటంతటవే పొడియగును, ఆ పొడిని శుద్ధిచేసి మరల ఒత్తవచ్చును. నాంట్‌గారూలో పెంకులు గుట్టపడినవి. ఇచ్చట పెంకు పారవేయుటన్న మాటయే లేదు.

బిళ్ళలను వరుసగా పేర్చి జిర్కోనియపు మిశ్రలోహపు గొట్టములలో నింపి, కొనలు అతికి, 19 గొట్టములను కట్టగా కట్టుదురు. కట్ట పొడవు సుమారు అర మీటరు. అందు డయాక్సైడు 15 కిలోలకు మించి యుండును. 220 మెగావాట్ల రియాక్టరులో 306 నాళములు, నాళమునకు 12 కట్టలు, వెరసి 3672 కట్టలు. ఒక్క కట్టనుండి వచ్చు విద్యుత్తు సుమారు 6 లక్షల యూనిట్లని లెక్కకు వచ్చుచున్నది. అంత విద్యుత్తునకు మన బొగ్గు దాదాపు 400 టన్నులు మండవలెను. తారాపురపు 540 మెగావాట్ల రియాక్టరులకు, 2020లో మొదట పనిచేసిన కాక్రపార్ 700 మెగావాట్ల రియాక్టరునకు కట్టలలో గొట్టములు 37. 2008 నాటి అంతర్జాతీయ ఒడంబడికల ఫలితముగా విదేశీ యురేనియము రాసాగినందున ముడిపదార్థపు కరవు తీరి, 2015–16లో ఈ సంస్థ ఉత్పత్తి 1500 టన్నులు దాటినది.

గొట్టపు లోహమునకును కుమ్మరితో బాంధవ్యము కలదు. కేరళ, తమిళనాడు, ఒడిశా తీరముల యిసుకలో దొరకు జిర్కాన్ ఖనిజమే దానికి మూలము. తెల్లని పలకలకును, స్నానశాలల పింగాణీసామానునకును పాలవంటి తెలుపు నిచ్చుటకై మెఱుగులో కలుపునదియు ఆ జిర్కానే. కాని దానిలో నూటికి సుమారు రెండుపాళ్ళు దాగియున్న హాఫ్నియము న్యూట్రాన్లకు పరమశత్రువు. రసాయనగుణములలో కవలపిల్లలవలె నుండు ఆ రెంటిని విడదీయుట ఈ ప్రాంగణమున జరుగు పనులలో అతికష్టమైనదని చెప్పవచ్చును.

దీనికి ఖర్చు లేకపోలేదు. యురేనియపు ధూళిని పీల్చకుండ కార్మికుని కాపాడవలెను; నత్రికామ్లమును అమోనియాను ఇంత విరివిగా వాడు శాలనుండి నైట్రేటు గల వ్యర్థజలము వచ్చి తీరును, బావులనీరు త్రాగు జనావాసములు ఇంత చేరువ పెరిగిన చోట దాని విషయమున ఏమరుపాటు క్షమార్హము కాదు. 1971లో ఊరిబయటనున్న స్థలము నేడు నగరగర్భమున నున్నది. సంస్థ గోడల లోపలి శ్రద్ధను మెచ్చుకొనువారు గోడల వెలుపలి నీటిని కొలుచుటకును పట్టుపట్టవలెను. ఈ రెండును పరస్పరవిరుద్ధములని నేనెన్నడు తలపలేదు.

ఉప్పల్, నాచారము పాఠశాలల విజ్ఞానోపాధ్యాయులకు ఒక విన్నపము. అణుశక్తి పాఠమును పటముపైని వలయములతో మొదలుపెట్టక, బంకమన్నుతో మొదలుపెట్టుడు. పిల్లలచే మట్టిపలకలు చేయించి, ప్రతిదానిపై సరిగా పది సెంటీమీటర్ల గీత గీయించి, నీడన ఆరిన పిమ్మట నొకసారియు, కుమ్మరి ఆవమున కాలిన పిమ్మట నొకసారియు ఆ గీతను కొలిపించి, అంకెలను వ్రాయించుడు. బిళ్ళ కాలి ఐదవవంతు తగ్గుటలోని శాస్త్రము ఆ అంకెలనుండియే బోధపడును.